పక్షుల పురుగులు - పల్లె చెరువులు



ఈనాటి ప్రసంగ విషయము వినుటకు కొంత వింతగా తోపవచ్చును. అడవి పక్షుల కడుపులలో నివసించు పురుగులను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పక్షులేమి, వాని పురుగులేమి, మనకు వానితో పనియేమి యని తాము అడుగవచ్చును. పనియున్నది. మనిషి ఒంటిలోని పురుగు గాని, పశువు ఒంటిలోని పురుగు గాని ఏ త్రోవన వచ్చి చేరుచున్నదో లోకమునకు తెలియవచ్చిన చరిత్రలో నీటిపక్షులకు గొప్ప భాగము కలదు. ఆ చరిత్రలో మన చెరువులకును, పూర్వపు హైదరాబాదు రాజ్యమునకును కూడ చోటు కలదు.

కడుపులో పురుగులుండునన్న సంగతి మన పూర్వులకు క్రొత్త కాదు. చరక సంహితలో క్రిములు ఇరువది రకములని లెక్కించి చెప్పబడినవి. వానికి చికిత్స మూడు విధములని కూడ అందే కలదు. ఉన్న పురుగును బయటికి తీసివేయుట మొదటిది. దీనికి అపకర్షణమని పేరు. పురుగు పెరుగుటకు అనుకూలమైన స్థితిని లోపల లేకుండ చేయుట రెండవది. ఇది ప్రకృతి విఘాతము. పురుగు పుట్టుటకు కారణమైన దానిని విడిచిపెట్టుట మూడవది. ఇది నిదాన పరివర్జనము. మొదటి రెండింటికి వైద్యుడు కావలెను, మందు కావలెను. మూడవది మనిషి తన నడవడిచేతనే సాధింపదగినది. కాని కారణమేమో తెలిసినగదా దానిని విడుచుట! పురుగు ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలియక లోకమంతయు వేలయేండ్లు తడవులాడినది.

ఐరోపా ఖండమునందును ఇదే స్థితి యుండెను. ఇటలీ దేశస్థుడగు ఫ్రాంచెస్కో రెడి 1668లో ఒక పరీక్ష చేసెను. ఈగలు వ్రాలిన మాంసములో పురుగులు పుట్టినవి. ఈగలు వ్రాలకుండ కప్పిన మాంసములో పుట్టలేదు. కుళ్ళునుండి పురుగు తనంతట పుట్టదని, ఈగ పెట్టిన గ్రుడ్డునుండి పుట్టునని దీనిచే తేలెను. తరువాత 1684లో, ప్రాణులలోపల జీవించు ప్రాణులను గూర్చి ఆయన ఒక గ్రంథమే వ్రాసెను. ఐనను కడుపులోని పురుగుల విషయమై సందేహము పోలేదు. రుడాల్ఫి యను జర్మనీ పండితుడు 1808 మొదలు గొప్ప గ్రంథములు వ్రాసి, ఎన్నియో జంతువుల పురుగులను, పక్షుల పురుగులను వర్ణించి పేర్లు పెట్టెను. అంతటివాడును ఈ పురుగులు ఆ శరీరములోనే తమంతట పుట్టునని నమ్మెను. చెమటనుండి పేలు పుట్టునని మన పల్లెలలో అనుకొనుట ఎట్టిదో, ఆ నమ్మకమును అట్టిదే.

ఆ ముడి విప్పుటకు మొదటి కొస దొరికినది ఒక నీటిపక్షి పురుగునందు. పక్షుల పురుగులలో ముఖ్యముగా మూడు జాతులు కలవు. నూలుపోగువలె గుండ్రముగా నుండునవి ఒకటి. మన ఏలికపాము ఈ జాతిది. నవారువలె కణుపులు కణుపులుగా పొడుగుసాగునవి రెండవది; వీనిని బద్దెపురుగులందుము. ఆకువలె పలుచనై జలగను పోలియుండునవి మూడవది. గొర్రె కార్జములో కనబడు కార్జపు జలగ ఈ జాతిదే. 1835లో జర్మనీ శాస్త్రజ్ఞుడు జీబోల్డు, నీటిపక్షులలో నివసించు ఒక జలగపురుగు గ్రుడ్డును పరీక్షించెను. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు తల్లి పోలిక లేదు. ఒడలినిండ సన్నని నూగుతో అది నీటిలో ఈదుచుండెను. దాని లోపల మరియొక జీవి యుండెను. ఆ లోపలి జీవి అంతకుముందు నీటినత్తలలో పండితులు చూచియున్న పురుగును పోలియుండెను. పక్షి కడుపులోని దానికిని, నత్త కడుపులోని దానికిని సంబంధముండునేమో యన్న ఊహకు ఇది విత్తనమాయెను.

1842లో డెన్మార్కు దేశపు స్టీన్‌స్ట్రుప్ ఆ ఊహను సిద్ధాంతముగా నిలిపెను. తల్లికి పోలిక లేని పిల్ల, దానికిని పోలిక లేని మనుమడు, తుదకు మరల మొదటి తల్లి రూపము - ఇట్లు తరము విడిచి తరమునకు రూపము మారు ప్రాణులున్నవని ఆయన చెప్పెను. తరువాత 1879-80 ప్రాంతమున ఇంగ్లండులో కార్జపు జలగచే లక్షలకొలది గొర్రెలు చచ్చెను. దాని కారణము వెదకుటకు పూనుకొని, ఇంగ్లండులో థామసును, జర్మనీలో లాయికార్టును వేరువేరుగా 1881 మొదలు 1883 లోపల పూర్తి త్రోవ కనుగొనిరి. గొర్రె పెంటికతో గ్రుడ్డు తడినేలకు చేరును. పిల్ల చిన్న నత్తలో దూరి అందు వేయింతలుగా పెరుగును. నత్తనుండి తోక గల పురుగులు వెలువడి గడ్డిపై అంటుకొనును. గొర్రె ఆ గడ్డి మేయును. నత్త లేనిచో ఈ చక్రము తిరుగదు. గొర్రెకు మందు దొరకకమునుపే, పల్లపు తడినేలలో మేపరాదన్న మాటకు కారణము దొరికినది.

ఇదే కాలమున మరి రెండు త్రోవలు బయలుపడెను. 1870లో రష్యా శాస్త్రజ్ఞుడు ఫెడ్చెంకో తుర్కిస్తానములో నారికురుపు పురుగును పరిశోధించి, దాని పిల్లలు నీటిలోని సన్నని నీటిపురుగులలో చేరునని, ఆ నీరు త్రాగినవారికి నారి వచ్చునని సూచించెను. 1877లో చైనాలోని అమోయ్ పట్టణమున పాట్రిక్ మాన్సన్, బోదకాలు కలిగించు పురుగు పిల్లలు దోమ కడుపులో పెరుగుట చూచెను. ఈ మాన్సన్ ప్రోత్సాహముతోనే రోనాల్డ్ రాస్ మలేరియా చలిజ్వరమునకు దోమ కారణమేమో యని వెదకసాగెను. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో ఆయన దోమ కడుపులో మలేరియా జీవిని చూచెను. కాని పూర్తి త్రోవ ఆయనకు తెలిసినది మరుసటి యేట, కలకత్తాలో, పిచ్చుకలు మొదలగు పక్షుల వలన. పక్షి రక్తములోని మలేరియా జీవి దోమలో పెరిగి, దోమ కాటుతో మరల పక్షికి చేరుటను ఆయన నిరూపించెను. మలేరియా జీవి పురుగు కాదు. అంతకంటె ఎంతయో సూక్ష్మము. ఐనను పురుగును వెదకిన దారినే దానిని వెదకిరి. మనిషిపై చేయరాని పరీక్షకు పక్షి సాయమాయెనని దీనిచే తెలియును.

ఇక మన దక్షిణదేశమునకు వత్తము. పశువుల ముక్కులో కండలు పెరిగి, ఊపిరి ఆడక, అవి గురకపెట్టు రోగమును తమలో పలువురు చూచియుందురు. దీనికి కారణము ముక్కు రక్తనాళములలో నివసించు సన్నని పురుగని 1933లో మద్రాసు రాజధానిలో ఎమ్. ఎ. ఎన్. రావుగారు కనుగొనిరి. ఆ పురుగునకు నత్తయే నిలయము. చెరువులందును మడుగులందును కనబడు చుట్టనత్తనుండి తోకపురుగులు వెలువడి, నీటిలో దిగిన పశువు చర్మమును తొలిచి లోపల ప్రవేశించును. నోటితో తినకున్నను, త్రాగకున్నను, కేవలము నీట నిలిచినంతనే పురుగు పట్టునన్నమాట.

ఈ చర్మమార్గమునకు పక్షులతోడి సంబంధము కలదు. అమెరికాలో మిచిగన్ ప్రాంతపు సరస్సులలో ఈదినవారికి ఒడలెల్ల దద్దురులు లేచి దురద పుట్టుచుండెను. 1928లో కోర్టు అను శాస్త్రజ్ఞుడు, అది నత్తనుండి వెలువడిన తోకపురుగు పని యని నిరూపించెను. బాతులు మొదలగు నీటిపక్షుల రక్తములో నివసింపవలసిన పురుగు త్రోవ తప్పి మనిషి చర్మములో దూరి, అచ్చటనే చచ్చును. చచ్చుచు దురద పుట్టించును. 1938లో మలయా దేశపు వరిమళ్ళలో పనిచేయువారికి కలుగు దురదకు, పశువులలో నివసించు అట్టి పురుగే కారణమని బక్లీ అను నతడు చూపెను. నాట్లు వేయు ఆడవారి పిక్కలపై లేచు దద్దురులన్నిటికిని ఇదే కారణమని నేననను. మందులు, ఎరువులు, ఆకుల నూగు కూడ దురద పుట్టింపగలవు. కాని బాతులును పశువులును దిగు నత్తల మడుగు ప్రక్కన ఈ దురద తరచుగా కనబడినచో, ఆ త్రోవను గూర్చి ఆలోచింపవలయును.

ఇట్లు ప్రపంచములో త్రోవలు బయలుపడుచుండగా, మన చెరువుల పక్షులలో ఏ పురుగులున్నవో లెక్క వ్రాసినవారెవరు? ఇద్దరి పేర్లు ఇచ్చట చెప్పవలయును. ఎస్. మెహ్దీ అలీగారు హైదరాబాదు రాజ్యమున దొరకు చేపలలోను పక్షులలోను ఉండు గుండ్రని పురుగులను పరిశోధించి, భారతదేశపు పురుగుల శాస్త్రపత్రికయొక్క 1956వ సంవత్సరపు సంపుటమున ఎనుబది పుటలకు మించిన వ్యాసము ప్రకటించిరి. జి. పి. జైస్వాల్‌గారు అదే రాజ్యపు చేపల, పక్షుల జలగపురుగులను గూర్చి వ్రాసిన పెద్ద వ్యాసము 1957లో జర్మనీ దేశపు ప్రాణిశాస్త్ర పత్రికలో వెలువడెను. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాజ్యము మూడు భాగములై, ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రములలో కలిసిపోయెను. ఆ రాజ్యము పటములో లేకపోయినను, దాని కొంగల పురుగుల లెక్క మాత్రము శాస్త్రగ్రంథములలో దాని పేరనే నిలిచియున్నది.

ఆ రెండు వ్యాసముల పేర్లలోను ఒక సంగతి గమనింపదగినది. ఇద్దరును చేపలను పక్షులను జతపరచియే పరిశోధించిరి. ఏల? చెరువులో చేపకును కొంగకును గల సంబంధము మనము చూచునంత పైపైది కాదు. ఒక ఉదాహరణము చెప్పెదను. కొంగ గొంతుకలో నివసించు ఒక జలగపురుగు కలదు. కొంగ నీట ముక్కు ముంచినపుడు దాని గ్రుడ్లు నీటిలో పడును. పిల్ల నత్తలో చేరును. నత్తనుండి వెలువడి చేప కండలో దూరి, పసుపుపచ్చని చిన్న గింజవలె చుట్టుకొని పడుకొనును. ఆ చేపను కొంగ మ్రింగిననాడు గింజ విచ్చి, పురుగు మరల గొంతుకకు చేరును. దీని దాయాదులు కొన్ని కొరమీను జాతి చేపల కడుపులోని అంగములలో చుట్టుకొనియుండును.

మా గోదావరి తీరమున చేపలు కోయు ముసలివారు ఈ గింజలను చూపి, ఇది చేపకు పట్టిన రోగమా, తినవచ్చునా యని నన్ను పలుమారు అడిగిరి. వారికి చెప్పినదే తమకును చెప్పుచున్నాను. బాగుగా ఉడికిన చేపలో ఆ పురుగు బ్రతుకదు. పచ్చిచేపను తిను అలవాటు గల జపాను వంటి దేశములలో మాత్రము అది మనిషి గొంతుకకు పట్టిన సందర్భములు కలవు. మన వంటయిల్లు ఈ విషయమున మనలను కాపాడుచున్నది. కాని అదే చేప ప్రేగులను పచ్చివిగా కోళ్ళకును బాతులకును వేయుటయు, చెరువులో పారవేయుటయు, తెగిన చక్రమును మన చేతులతో మరల అతుకుటయే.

పక్షికి పురుగు లుండుట సహజము. పురుగు లేని కొంగ అరుదు. కొద్ది పురుగులున్నను పక్షి ఎగురుచునే యుండును, గూడు కట్టుచునే యుండును. తన ఇంటిని తానే కూల్చుకొనుట పురుగునకును లాభము కాదు. కాని ఒక్కొక్కప్పుడు తూకము తప్పును. శ్రీకాకుళము జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురమను గ్రామము కలదు. ప్రతి శీతకాలమును అచ్చటి చెట్లపై గూడబాతులును, ఎర్రకాళ్ళ కొంగలును గూళ్ళు కట్టి పిల్లలను లేపును. గ్రామస్థులు వానిని తమ ఊరికి శుభమని యెంచి కాచుచుందురు. 2021 డిసెంబరు మొదలు 2022 జనవరి వరకు అచ్చట నూటికి పైగా గూడబాతులు చచ్చి చెట్లక్రింద పడినవి. పశువైద్యులు కోసి చూడగా గుండ్రని పురుగుల పీడ బయలుపడినది. తాము తిన్న చేపలనుండియే ఆ పక్షులకు పురుగులు చేరినవి. అంతకుముందు, 2017-18 శీతకాలమున, కర్ణాటకమునందలి కొక్కరెబెళ్ళూరు గ్రామమునను గూడబాతులు ఇట్లే చచ్చెను. అదియు పక్షులను బిడ్డలవలె కాచు ఊరే.

తల్లిపక్షి పడిపోయినపుడు గూటిలోని పిల్లకు ఆహారము లేదు. తరతరములుగా కాచిన ఊరివారి కళ్ళయెదుట ఇది జరిగినది. పక్షులకు ఎవరో విషము పెట్టిరనియో, గాలి సోకినదనియో అనుకొని ఒకరినొకరు నిందించుకొనుటకు ఎంత వీలున్నదో తమకు తెలియనిది కాదు. కోసి చూచి, ఇది పురుగు, ఇది దాని త్రోవ యని చెప్పగల విద్య యుండుటచేత ఆ నిందకు చోటు లేకపోయినది. ఒకప్పుడు కొంగ ప్రేగులు కోసి, పురుగులను లెక్కించి, బొమ్మలు గీసినవారి ఓపిక వ్యర్థమని తోచినవారు ఉండవచ్చును. ఆ ఓపిక ఇట్టి దినమున ఫలించును.

ఇప్పుడు మన బొగ్గుగనుల సీమను గూర్చి మనవి చేసెదను. సింగరేణి కంపెనీవారు 1961లో రామగుండము ప్రాంతమున బొగ్గు తీయుట ఆరంభించిరి. 1983లో ఇచ్చటి పెద్ద విద్యుత్ కేంద్రము పనిచేయ మొదలిడెను. ఆ కేంద్రమునకు జలాశయమేర్పడినది. గోదావరిపై ఎల్లంపల్లి వద్ద శ్రీపాద ప్రాజెక్టు నిలిచినది. గనులనుండి తోడిన నీరు కాలువలబడి కొన్ని చెరువులకు చేరుచున్నది. బొగ్గు తీసి విడిచిన గుంతలలో నీరు నిలిచినది. ఒకనాడు ఎండాకాలమున బీటలు వారెడి చోట ఇప్పుడు ఏడాది పొడుగున నీరుండుట నేను చూచుచున్నాను. నీరున్నచోట నత్త, నత్త యున్నచోట నత్తగుల్ల కొంగ, చేప యున్నచోట నీటికాకి చేరును. ఇది సంతోషింపదగినదే. కాని ఏడాది పొడుగున ఎండని నీటిలో నత్తయు ఏడాది పొడుగున పెరుగును. పూర్వము చెరువు ఎండినపుడు పురుగు చక్రము కొన్ని నెలలు ఆగుచుండెను. ఇప్పుడు ఆగదు. ఈ మార్పును గ్రామపెద్దలు కనిపెట్టియుండవలయును.

అట్లని పక్షులను వెడలగొట్టుట ఉపాయము కాదు. కొంగలు గూళ్ళు కట్టు చింతచెట్టును నరికినంతమాత్రమున పురుగు పోదు. కొంగ మరియొక చెట్టున వ్రాలును, నత్త చెరువులోనే యుండును. నత్తలను తిని తగ్గించునది కూడ పక్షియే. త్రోవలో సులువుగా తెగు చోట తెంపుటయే వివేకము. చెరువు గట్టున మలవిసర్జన చేయనీయరాదు. పశువులకు త్రాగునీరు తొట్లలో పోసి, నత్తలు నిండిన మడుగులలో అవి గంటలకొలది పడియుండకుండ చూడవలయును. చేప ప్రేగులను పాతిపెట్టవలయును, లేదా ఉడికించి కోళ్ళకు వేయవలయును. నీటినుండి వెలువడినవెంటనే కాళ్ళు గట్టిగా తుడుచుకొనుట నాట్లు వేయువారికి మేలు. పురుగు మందు పశువైద్యుని అడిగి తగినవేళ పోయించవలయును. పక్షులు గుంపుగా చచ్చి పడినచో చేతులతో ముట్టక, పశువైద్యశాలకును అటవీ శాఖవారికిని వెంటనే తెలుపవలయును. అది పురుగు కావచ్చును, అంటురోగమును కావచ్చును.

ఇన్ని నియమములు పల్లెవారిచే సాగునా యని కొందరు సందేహింతురు. సాగినదానికి నిదర్శనము మన దేశముననే కలదు. నారికురుపును తమలో పెద్దవారు ఎరుగుదురు. కాలినుండి మూరెడు పురుగు వెలువడుచుండగా పుల్లకు చుట్టి దినదినము కొంచెము కొంచెముగా లాగుచుండెడివారు. పొలము పని వేళ మనిషి మంచము పట్టెడివాడు. ఆ రోగమునకు నయము చేయు మందు లేదు, రాకుండ ఆపు టీకా లేదు. మన తెలుగు జిల్లాలలోను ఆ పీడ యుండెను. ప్రభుత్వము 1983-84లో నిర్మూలన కార్యక్రమము పెట్టినపుడు ప్రజలకు చెప్పినది చిన్న మాట: నీటిని బట్టతో వడబోసి త్రాగుడు, నారి వెడలుచున్నవాడు బావిలో దిగరాదు. మెట్లబావులను మూసిరి, లేదా మార్చిరి, చేతిపంపులు వేసిరి. దేశములో చివరి రోగి 1996లో రాజస్థానమున కనబడెను. 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశమున నారికురుపు లేదని ధ్రువపరచినది. ఫెడ్చెంకో చూపిన త్రోవను, చరకుడు చెప్పిన మూడవ చికిత్సను, బట్ట చేతబట్టిన ఇల్లాలు కలిపి నెరవేర్చినది.

నారికురుపు త్రోవ మనిషికిని బావికిని నడుమ నుండెను గనుక తెంపుట సాధ్యమాయెను. పక్షుల పురుగుల త్రోవ ఆకాశమున ఎగురును గనుక దానిని పూర్తిగా తెంపుట మనకు సాధ్యము కాదు, అవసరమును లేదు. మన ఇంటివైపు, మన కొట్టమువైపు తిరిగిన కొమ్మను మాత్రము తెంపుకొన్న చాలును. తమ ఊరి చెరువులో ఏ పక్షులు వ్రాలుచున్నవో, నత్తలు ఏ నెలలో పెరుగుచున్నవో, ఏ మడుగు నీటిలో దిగిన పశువు గురకపెట్టుచున్నదో తమకంటె బాగుగ ఎరిగినవారు లేరు. ఆ ఎరుకను ఊరి బడి పిల్లలకును, పశువైద్యునికిని తెలియజేయవలసినదిగా కోరుచు సెలవు తీసికొనుచున్నాను.